తల కొలవకుండా టోపీ పెడుతున్నారు!

అనంతగిరి ఘాట్ మీద ఒక రాయి పని దగ్గర మేం కళ్ళారా చూసిన సంగతి ఇది. ఆ కాంట్రాక్టరు పేరు ఇక్కడ అనవసరం. పెద్దాఫీసర్లు వస్తున్నారని పొద్దున్నే కూలీలందరికీ పసుపు రంగు హెల్మెట్లు పంచారు. వరసగా నిలబెట్టి ఫొటోలు తీశారు. జీపులు మలుపు తిరిగాయో లేదో, మేస్త్రీ గోనెసంచీ పట్టుకొచ్చి అన్నీ వెనక్కి తీసుకున్నాడు.

ఇందులో వింతేముంది, ఎక్కడైనా ఇంతే కదా అంటారు. వింత ఏమంటే, ఆ సంచీలో వేసేటప్పుడు ఒక్క కూలీ కూడా బాధపడలేదు. పీడ వదిలిందన్నట్టు వేసేశారు. ఎందుకని అడిగాం. కంప్రెసర్ మీద పనిచేసే తమ్ముడు చెప్పాడు: "అది పెట్టుకుంటే చెవులకు గుడ్డ కట్టడం కుదరదు. గుడ్డ కట్టుకుంటే అది తలమీద నిలబడదు. రెండిట్లో ఏదో ఒకటే." పక్కన తట్ట మోసే అక్క నవ్వింది: "కొప్పు మీద అది కూకోదు. దానిమీద తట్ట కూకోదు. మరెలగ బాబూ మొయ్యడం?"

చదువుకున్న పెద్దమనుషులు దీనికి ఒక్కటే జవాబు చెబుతారు: "వీళ్ళంతే. ఇచ్చినా పెట్టుకోరు." ఈ మాట మనకు కొత్త కాదు. బడి పెట్టినా రారు, మందిచ్చినా మింగరు, ఇల్లు కట్టించినా ఉండరు. మన వాడకూ మన గూడేనికీ వచ్చిన ప్రతి పథకం వెనక ఈ మాట ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఇచ్చిన వస్తువు మన కోసం చేసింది కాదని ఒప్పుకోవడం ఇష్టం లేక, తప్పును మన బుద్ధి మీదకు నెడతారు.

మేం అనేది ఇది. తలను కాపాడే వస్తువూ చెవిని కాపాడే వస్తువూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటుంటే, తల కావాలో చెవి కావాలో తేల్చుకోమని కూలీని నిలబెట్టడం రక్షణ కాదు. మన తలకు తగ్గట్టు సర్దుకునే హెల్మెట్, చెవి కవచంతో కలిసి పనిచేసే హెల్మెట్ మనకు రావాలి. అది ఎవరి దయా కాదు. మన హక్కు.

రక్తం రాని గాయం

ఈ కొండలకు చప్పుడు కొత్తగా రాలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960లలో కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం వేశారు. యాభై ఎనిమిది సొరంగాలు తొలిచారు. 2015-16లో కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను మంజూరైంది. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే 516-ఇ జాతీయ రహదారి కోసం కొండవాలు కొట్టారు. ఇవి కాక కంకర క్రషర్లు, రాతి క్వారీలు. రైలు ఎవరిదైనా, రోడ్డు ఎవరిదైనా, డ్రిల్లు పట్టుకునే చెయ్యి, కంకర ఎత్తే చెయ్యి మాత్రం ఎక్కువగా మనదే. కొండ మీద గిరిజనులు, కొండ కింది నుంచి వచ్చిన మాల, మాదిగ, రెల్లి కూలీలు.

రాయి తలమీద పడితే రక్తం కారుతుంది. పదిమంది చూస్తారు. కేసు అవుతుంది, కనీసం బేరమన్నా అవుతుంది. చెవి పోతే రక్తం రాదు. ఒక్క రోజులో పోదు. అందుకే దానికి సాక్షీ ఉండడు, పంచాయితీ ఉండదు.

చెవి లోపల నత్తగుల్ల లాంటి గది ఉంది. అందులో కంటికి కనబడని సన్నని నూగులాంటి కణాలున్నాయి. చప్పుడుకు అవి వరిచేను గాలికి ఊగినట్టు ఊగి మెదడుకు కబురు పంపుతాయి. పెద్ద చప్పుడు రోజూ తగిలితే చేను పడిపోయినట్టు పడిపోతాయి. చేను మళ్ళీ వేసుకోవచ్చు. మనిషి చెవిలో అవి మళ్ళీ మొలవవు. ఏ మందూ లేదు.

ముందు పోయేది సన్నని ధ్వనులు. మాట వినబడుతుంది, అర్థం కాదు. 'సంత' అన్నారో 'పంట' అన్నారో తెలియదు. ఆ తరవాత రాత్రి పడుకుంటే చెవిలో గుయ్యిమని ఒకటే మోత. ధింసాలో తుడుం వినబడుతుంది గానీ మోరి వినబడదు. కాఫీ తోటలో వెనక అలికిడి తెలియదు. ఇంటిదాని మాట వినలేదని కసురుకోవడం, పిల్లలు నవ్వడం, నలుగురిలో కూర్చోవడం మానెయ్యడం. నలభై ఏళ్ళకే మనిషి ఊళ్ళో ఉండీ లేనట్టవుతాడు. 'చెవిటివాడి ముందు శంఖం' అని సామెత చెప్పి నవ్వే సమాజం, ఆ చెవుడు ఎవరు తెచ్చిపెట్టారని మాత్రం అడగదు.

ఎంత చప్పుడైతే ప్రమాదం? దీనికి కొలత డెసిబెల్. 85 డెసిబెళ్ళ దగ్గర ఎనిమిది గంటలు పనిచెయ్యడమే హద్దు అని శాస్త్రజ్ఞులు అంటారు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెళ్ళకూ టైము సగమైపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100కి పావుగంట. రాతి డ్రిల్లు చప్పుడు 100 దాటే ఉంటుంది. అంటే దాని మీద చెవులు మూసుకోకుండా పనిచేసే తమ్ముడికి ఆ రోజు కోటా పావుగంటలోపే అయిపోయింది. మిగతా రోజంతా చెవిని అమ్ముకుంటున్నాడు, కూలి లేకుండా.

మీటరు లేకపోయినా చూసుకునే పద్ధతి ఒకటుంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి గొంతు చించుకోవాల్సి వస్తే, అక్కడ చప్పుడు హద్దు దాటినట్టే.

టోపీకీ చెవికీ తగువెక్కడ?

హెల్మెట్ అంటే పైకి కనిపించే డిప్ప ఒక్కటే కాదు. లోపల పట్టీలతో అల్లిన ఊయల ఉంటుంది. దానికీ డిప్పకీ మధ్య ఖాళీ ఉంటుంది. రాయి పడినప్పుడు ఆ పట్టీలు సాగి, ఆ ఖాళీలో దెబ్బ చచ్చి, మిగిలింది తలంతా పంచుకుంటుంది. అందుకే ఆ ఖాళీలో బీడీకట్ట, గుడ్డ కుక్కకూడదు. అందుకే వదులుగా ఊగే హెల్మెట్ పెట్టుకున్నా పెట్టుకోనట్టే. వంగితే ముందుకు జారుతుంది, పైకి చూస్తే వెనక్కి పడుతుంది.

చెవి కవచాలు రెండు రకాలు. ఒకటి చెవిలో దూర్చే బిరడాలు. రెండోది చెవి మొత్తాన్ని మూసే కప్పులు. కప్పు పనిచెయ్యాలంటే దాని అంచు మెత్త చెవి చుట్టూ ఎక్కడా సందు లేకుండా నొక్కుకుని ఉండాలి. గిద్దెడు సందు అక్కర్లేదు, వెంట్రుక మందం చాలు, చప్పుడు దూరిపోతుంది. తలగుడ్డ మడత, చెవి పోగులు, జుట్టు, కళ్ళజోడు కాడ, హెల్మెట్ గడ్డం పట్టీ, ఇవన్నీ సందులు చేసేవే.

తగువు ఇక్కడే మొదలవుతుంది. మామూలు చెవి కప్పులకు తలమీదుగా పోయే కమాను ఉంటుంది. హెల్మెట్ ఆ కమాను మీద కూర్చోలేదు. కూర్చోబెట్టి బిగిస్తే ఊయల వంకరవుతుంది, తలకు రక్షణ పోతుంది. కమాను మెడ వెనక్కి తిప్పితే మెడ పట్టీ అడ్డం. గడ్డం పట్టీ సరిగ్గా చెవి మీదుగా దిగుతుంది, కప్పును ఎత్తేస్తుంది. ఇంక హెల్మెట్ పక్క గాళ్ళలోకి తగిలించే కప్పులు కొంటారు. ఆ కప్పు ఒక కంపెనీది, గాడి ఇంకో కంపెనీది. పట్టదు. పట్టినా, హెల్మెట్ తలకు వదులైతే కప్పు కూడా దానితోపాటే కదులుతుంది.

అసౌకర్యంగా ఉంటే మనిషి తీస్తాడు. తీస్తే ఏమవుతుందో లెక్క చూడండి. 30 డెసిబెళ్ళు తగ్గించే కప్పు ఉందనుకుందాం. ఎనిమిది గంటల పనిలో ఒక్క అరగంట తీస్తే, ఆ రోజు మొత్తం మీద అది ఇచ్చిన రక్షణ 12 డెసిబెళ్ళే. చెమట తుడుచుకోవడానికి, మేస్త్రీ మాట వినడానికి, కొప్పు సర్దుకోవడానికి తీసిన నిమిషాలే ఆ అరగంట. కాబట్టి సుఖంగా ఉండటమన్నది సోకు కాదు. రక్షణ అంటేనే అది.

ఎవరి తల కొలిచారు?

ఈ టోపీ పుట్టుక తెలుసుకుంటే కొంత అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు పెట్టుకున్న ఉక్కు టోపీలు చూసి, 1919లో అమెరికాలో గని సామాను అమ్మే బుల్లార్డ్ కంపెనీ కాన్వాసు గుడ్డకు జిగురు పట్టించి, ఆవిరిలో గట్టిపరిచి, గని కూలీలకు టోపీ చేసింది. మంచి పనే. అది ఎన్నో తలలు నిలబెట్టింది. కానీ దాని వెనక ఉన్న బొమ్మ సైనికుడిది. మగవాడు, పొట్టి క్రాపు, తలమీద బరువు మోయనివాడు. ఆ బొమ్మలో మన అక్క లేదు. ఆమె కొప్పు లేదు, ముక్కుపుడకలూ చెవి పోగులూ లేవు, తలమీద చుట్టకుదురు లేదు.

కొలవడం చేతకాని పనా? కాదు. భారతీయుల శరీర కొలతల మీద దేబ్‌కుమార్ చక్రబర్తి రాసిన పుస్తకాన్ని అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ 1997లోనే అచ్చువేసింది. రెడీమేడ్ చొక్కా అమ్మడానికి కొలతలు కావాలి. మోటారు సైకిల్ అమ్మడానికి కావాలి. చుట్టకుదురు పెట్టుకుని కంకర మోసే తల కొలిచి అమ్మడానికి ఏముంది? ఆ తల కొనదు. కాంట్రాక్టరు కొంటాడు, వాడికి కావల్సింది ధర.

ఇంకో సంగతి. బ్రిటన్‌లో సిక్కులు తలపాగా మీద హెల్మెట్ పెట్టుకోలేమన్నారు. 1989లో అక్కడి పార్లమెంటు చట్టం చేసి, కట్టడం పనుల్లో తలపాగా ఉన్న సిక్కులకు హెల్మెట్ మినహాయింపు ఇచ్చింది. మేం మినహాయింపు అడగడం లేదు. రాయి పడితే కొప్పు ఆపదు. కానీ ఒకటి గమనించండి. గట్టిగా అడిగిన వాళ్ళ తలపాగా గురించి ఒక దేశపు పార్లమెంటు కూర్చుని మాట్లాడింది. మన కొప్పు గురించి టెండరు కాగితంలో ఒక్క ముక్కన్నా రాయించలేమా?

పని చోట్ల చూడండి, ఇంజనీరుకి తెల్ల హెల్మెట్, కూలీకి పచ్చది. రంగు తేడా పని గుర్తు కోసమంటారు, సరే. లోపల తిరగేసి చూడండి. తెల్లదానికి వెనక చక్రం ఉంటుంది, ఒంటి చేత్తో తిప్పితే తలకు బిగుస్తుంది. పచ్చదానికి ప్లాస్టిక్ మొలకలు, తీసి గుచ్చుకోవాలి, నెలకల్లా విరుగుతాయి. ఆఫీసులో కూర్చునే తలకు సర్దుబాటు, రాయి కింద నిలబడే తలకు 'ఉన్నదే పెట్టుకో'. ఊళ్ళో రెండు గ్లాసులు చూసిన వాళ్ళం. రెండు టోపీల్ని గుర్తుపట్టలేమా?

ఎట్లాంటిది కావాలి?

ఇది చంద్రమండలం పని కాదు. ప్రపంచంలో విడివిడిగా ఉన్నవే, కలిపి తెమ్మంటున్నాం.

ఒకటి. చక్రంతో బిగించుకునే లోపటి పట్టీ, చిన్న తలకూ పెద్ద తలకూ సరిపోయేంత సర్దుబాటుతో. చుట్టుకొలత ఒక్కటే కాదు, ఎత్తు కూడా రెండు మెట్లుగా మార్చుకునేట్టు ఉండాలి.

రెండు. వెనక పట్టీ కొప్పు కింద నుంచి పోవాలి, కొప్పుకు చోటు వదలాలి.

మూడు. గడ్డం పట్టీ చెవికి ముందొక పాయ, వెనకొక పాయగా చీలి దిగాలి. చెవి ఖాళీగా ఉండాలి.

నాలుగు. చెవి కప్పులూ హెల్మెట్టూ ఒక జతగా పరీక్షించినవి కొనాలి. మన దేశంలో హెల్మెట్‌కు ఐఎస్ 2925, చెవి కవచాలకు ఐఎస్ 9167 అని ప్రమాణాలున్నాయి. ఐరోపాలో హెల్మెట్‌కు తగిలించే కప్పులకే విడిగా ఈఎన్ 352 మూడో భాగం ఉంది. ఏ కప్పును ఏ హెల్మెట్‌తో పరీక్షించారో అందులో చెప్పాలి. టెండరులో ఆ కాగితం అడగాలి.

ఐదు. కప్పులు సరిపోని వాళ్ళకు తాడున్న రబ్బరు బిరడాలు. నురగ బిరడాలు చౌకే, కానీ వాటిని శుభ్రమైన వేళ్ళతో నలిపి దూర్చాలి. మట్టి, గ్రీజు చేతులతో దూరిస్తే చెవిపోటు తప్పదు. రబ్బరువి కడుక్కోవచ్చు.

ఆరు. మెత్తలు మార్చాలి. చెమటకీ వానకీ అవి గట్టిపడి చిట్లుతాయి. ఒకసారి ఇచ్చి మూడేళ్ళు నడిపిస్తామంటే కుదరదు. డిప్ప కూడా ఎండకు పెళుసెక్కుతుంది. ఒక్క పెద్ద దెబ్బ తిన్నదాన్ని పారెయ్యాల్సిందే.

ఏడు. చెవులు మరీ గట్టిగా మూసేస్తే పొక్లెయిన్ వెనక్కి వచ్చే హారను, బ్లాస్టింగు సైరను వినబడవు. అందుకని ఎంత చప్పుడుకు అంత కవచం. సైరనుతోపాటు ఎర్ర జెండా, ఎర్ర దీపం. హెచ్చరిక హిందీలో అరిస్తే కువి మాట్లాడే మనిషికి చెవులున్నా లాభం లేదు. ఆ ఊరి భాషలో ముందే నేర్పాలి.

ఎనిమిది. తలమీద తట్ట మోతకు ఏ హెల్మెట్టూ కుదరదు. అంటే తీసెయ్యాల్సింది హెల్మెట్‌ను కాదు, తట్టను. చక్రాల బండి పెట్టాలి. అక్క అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ఇదే.

కొండ అడిగేచోట టోపీ అడుగుతారా?

మన కార్యకర్తలు కొందరు ఈ ప్రశ్న వేస్తారు. న్యాయమైన ప్రశ్నే. అనంతగిరి మండలం నిమ్మలపాడు కాల్సైట్ గనుల మీద పోరాడితేనే 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడం చెల్లదంది, ఆ భూమి సర్కారుదైనా సరే. అంతటి మట్టిలో నిలబడి హెల్మెట్ గురించి మాట్లాడటం చిన్నతనం కాదా?

కాదంటాం. హెల్మెట్ ఇచ్చారు కదా అని కొండ రాసివ్వం. అది వేరే లెక్క, దానికి గ్రామసభ ఉంది. కానీ ఈ పూట కూలి కోసం డ్రిల్లు పట్టుకున్న తమ్ముడి చెవి, పోరాటం గెలిచే దాకా ఆగదు. రోజుకింత పోతూనే ఉంటుంది. రేపు గ్రామసభలో అధికారి చదివే తీర్మానం వాడికి వినబడాలి కదా.

బాబాసాహెబ్ అంబేడ్కర్ దీన్ని చిన్న పని అనుకోలేదు. వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1943 డిసెంబరులో ధన్‌బాద్ వైపు బొగ్గు గనుల్లోకి తానే దిగి చూశారు. మరుసటి ఏడు బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. కూలీ నిలబడే చోట తాను నిలబడి చూడటం, చూసింది చట్టంలోకి ఎక్కించడం. మనకు ఆ దారి ఉంది.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. చెవి కవచం చివరి అడ్డు, మొదటిది కాదు. ముందు చప్పుడు పుట్టేచోటే తగ్గించాలి. కంప్రెసర్‌కు సైలెన్సరు, క్రషర్‌కు రబ్బరు పలకలు, చుట్టూ గోడ, మనుషుల్ని మార్చి మార్చి పనిలో పెట్టడం. ఇవేవీ చెయ్యకుండా ఒక టోపీ పారేసి చేతులు దులుపుకుంటే, తెలుగులో దాన్ని ఏమంటారో మనకు తెలుసు. మనకు టోపీ పెట్టడమంటారు.

చట్టం ఏమంటోంది?

గనుల్లో 85 డెసిబెళ్ళు హెచ్చరిక, 90 ప్రమాదం, 115 దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా ఎవర్నీ పంపకూడదని గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ 1975లోనే సర్క్యులరు ఇచ్చారు. భద్రత, ఆరోగ్యం మీద 2020లో చేసిన కొత్త కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర డబ్బు పట్టుకోకూడదని అది చెబుతోంది. శబ్దం వల్ల వచ్చే చెవుడు 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో ఉంది, ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. చట్టం పేరు మారింది గానీ చెవి హక్కు పోలేదు.

కానీ పరిహారానికి రుజువు కావాలి. పనిలో చేరిన రోజు చెవి ఎట్లా ఉందో కాగితం లేకపోతే, 'నీ చెవుడు పుట్టుకతోనే ఉంది' అని తేల్చేస్తారు. అందుకే పనిలో చేరేటప్పుడు ఒకసారి, ఆపైన ఏడాదికొకసారి వినికిడి పరీక్ష, దాని కాగితం కూలీ చేతికి. ఇది మన మొదటి డిమాండు కావాలి.

రేపటి నుంచి చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి పని చోటా ఇద్దరు కూలీలు, అందులో ఒకరు ఆడమనిషి, హెల్మెట్లు కొనకముందే పెట్టుకుని చూసి ఒప్పుకోవాలని అడగండి. వంగి, పైకి చూసి, తల అటూ ఇటూ ఊపి చూడండి. చెవి కప్పులతో కలిపి పెట్టుకుని చూడండి. జారితే వద్దనండి. గూడెంలో సంత రోజు సాయంత్రం టైలరు టేపు తీసుకుని పనికి పోయేవాళ్ళ తల చుట్టుకొలతలు రాయండి, కొప్పుతో ఒకసారి, కొప్పు విప్పి ఒకసారి. ఆ కాగితం మీద అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు వేయించి కాంట్రాక్టరుకొకటి, లేబరు ఆఫీసరుకొకటి, ఐటీడీఏకొకటి ఇవ్వండి. మా తలలు ఇవీ, వీటికి తగ్గవి తెండి అనండి.

మన పెద్దలు చెప్పులు కుట్టిన వాళ్ళు. ఊరంతా వాళ్ళను గడప అవతల నిలబెట్టింది. అయినా వాళ్ళు ఒక్కనాడు కూడా కాలు కొలవకుండా చెప్పు కుట్టలేదు. దొర కాలైనా, పాలేరు కాలైనా, కింద కాగితం పరిచి గీత గీసి మరీ కోశారు. చెప్పు కరిస్తే కాలుది తప్పని ఎన్నడూ అనలేదు. విప్పి మళ్ళీ కుట్టారు.

డిగ్రీలు చదివిన వాళ్ళను, టెండర్లు పిలిచే వాళ్ళను ఆ పాటి పని చెయ్యమని అడుగుతున్నాం. ముందు తల కొలవండి. తరవాత టోపీ సంగతి మాట్లాడదాం.